కెమెరా కొన్నా ఇంట్లో ఫోటోలు మసకగానే వస్తున్నాయ్, బేసిక్స్ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

చిన్నితల్లి_అమ్మ

అందరికీ నమస్తే. ఫోటోగ్రఫీకి నేను పూర్తిగా కొత్త. రెండు నెలల క్రితం మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి కొన్నాం, దాంతో పాటు వచ్చిన 18-55 లెన్స్ ఒక్కటే ఉంది. కొన్నది మా పాప కోసమే, మూడేళ్లు నిండాయి దానికి, ఫోన్‌లో తీసినవి పెద్దవి చేసి చూస్తే ముఖమంతా మైనం పూసినట్టు నున్నగా ఉంటోంది, అసలు దాని బుగ్గ బుగ్గలా లేదనిపించి కెమెరాకి వచ్చాను.

పగలు బయట తీస్తే బానే వస్తున్నాయ్. సాయంత్రం ఇంట్లో తీస్తే మాత్రం పదిట్లో తొమ్మిది మసక, పైగా అంతా పసుపు. ఇప్పటిదాకా ఆటో మోడ్‌లోనే తీశాను. వీడియోలు చాలా చూశాను, లెన్స్ రంధ్రం అపర్చర్, వెలుతురు పడే సమయం షట్టర్, ఆ వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో ఐఎస్ఓ అని త్రికోణం గీసి చెప్తారు, చూసినంతసేపూ అర్థమైనట్టే ఉంటది, కెమెరా చేతిలోకి తీసుకోగానే ఏ చక్రం ఎటు తిప్పాలో తోచదు, ఈలోపు పాప అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోతుంది. అపర్చర్ నంబర్ తగ్గిస్తే రంధ్రం పెద్దది అవుతుందంటారు, అది ఎందుకో కూడా ఎవరూ చెప్పలేదు, నాకు అక్కడే బుర్ర ఆగిపోతోంది.

నిన్నటి మసక ఫోటో ఒకదాని వివరాలు ఇవి: 55 ఎంఎం, ఎఫ్ 5.6, షట్టర్ 1/15, ఐఎస్ఓ 1600. పాప నేల మీద కూర్చుని బొమ్మలు పేరుస్తోంది, నేను సోఫాలో కూర్చుని జూమ్ చేసి తీశాను.

అడగాలనుకున్నవి మూడు. ముందు ఏది నేర్చుకోవాలి? దీనికి కొత్త లెన్స్ కొనాల్సిందేనా? అన్నీ మనమే పెట్టుకునే మాన్యువల్ మోడ్‌లో తియ్యకపోతే నేర్చుకున్నట్టే కాదంటున్నారు, నిజమా? కాస్త ఓపిగ్గా చెప్పగలరు.

---

వెలుగునీడ

వివరాలు పెట్టి మంచి పని చేశారండీ, చాలామంది "బ్లర్ వస్తోంది" అని ఊరుకుంటారు, అలా అయితే ఎవరూ ఏమీ చెప్పలేరు. మీ ప్రశ్నకి జవాబు ఆ నాలుగు అంకెల్లోనే ఉంది కాబట్టి త్రికోణం పక్కన పెట్టేసి దాన్నే చూద్దాం.

ముందు అపర్చర్ నంబర్ సంగతి, ఎందుకంటే అది తేలకపోతే మిగతాది ఎక్కదు. ఎఫ్ పక్కన ఉండేది రంధ్రం సైజు కాదు, భాగహారం. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని, అంటే ఎంఎం అని ఉండే అంకెని, ఆ అంకెతో భాగిస్తే రంధ్రం వెడల్పు వస్తది. 50 ఎంఎం లెన్స్‌ని ఎఫ్ 2లో పెట్టారనుకోండి, 50ని 2తో భాగిస్తే 25, అంటే 25 మిల్లీమీటర్ల వెడల్పు. అదే ఎఫ్ 4లో పెడితే 12.5. కింద అంకె పెరిగేకొద్దీ వచ్చేది తగ్గుతుంది, చిన్నప్పటి భిన్నాల లెక్కే. 2 నుంచి 4కి వెళ్తే వెడల్పు సగమైంది, కానీ వెలుతురు వచ్చేది వైశాల్యం బట్టి కాబట్టి అది నాలుగో వంతుకి పడిపోయింది. అందుకే 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అని వింతగా ఉంటాయ్ ఆ అంకెలు, ఒక్కో మెట్టుకీ వెలుతురు సగం అయ్యేలా పేర్చినవి అవి. ఆ మెట్టునే స్టాప్ అంటారు. షట్టర్ 1/60 నుంచి 1/30కి మారిస్తే ఒక స్టాప్ ఎక్కువ, ఐఎస్ఓ 800 నుంచి 1600కి మారిస్తే ఒక స్టాప్ ఎక్కువ. మూడూ ఒకే కొలతలో మాట్లాడతాయన్నమాట, ఇది తెలిస్తే చాలు, త్రికోణం మర్చిపోయినా ఏం కాదు.

ఇప్పుడు మీ ఫోటో. 1/15 అంటే సెకనులో పదిహేనో వంతు, వినడానికి తక్కువలా ఉంటది గానీ ఆ లోపు మూడేళ్ల పిల్ల చెయ్యి ఇంత దూరం వెళ్తుంది. పైగా 55కి జూమ్ చేశారు. మీది ఏపీఎస్-సీ అనే చిన్న సైజు సెన్సర్ అయితే దాన్ని ఒకటిన్నరతో గుణించుకోవాలి, 82 అవుతుంది, చేత్తో పట్టుకుని తీసేటప్పుడు కనీసం 1/80 ఉండాలని పాత లెక్క. అంటే మీ చెయ్యి వణుకూ ఉంది, పాప కదలికా ఉంది. ఏది ఎంతో తెలియాలంటే ఆ ఫోటోని పెద్దది చేసి మూడు చోట్ల చూడండి. ఫోటోలో ఉన్నదంతా ఒకే దిక్కుకి సాగినట్టు ఉంటే చెయ్యి కదిలింది. వెనక గోడ, నేల శుభ్రంగా ఉండి పాప చేతులే చెరిగిపోతే పాప కదిలింది. పాప కదల్లేదు, గోడ కూడా కదల్లేదు, కానీ ముఖం మెత్తగా ఉండి వెనకాల కర్టెన్ మీద నేత కూడా కనిపిస్తోందంటే ఫోకస్ తప్పింది. మూడింటినీ "మసక" అనే అంటాం గానీ మూడింటికీ మందులు వేరు. లెన్స్‌లో వణుకుని తగ్గించే స్టెబిలైజేషన్ ఉందిగా అనుకుంటారేమో, అది మొదటి జబ్బుకే పనిచేస్తది, పాపని ఆపలేదు.

రెండో ప్రశ్నకి వస్తే, లెన్స్ కొనకుండానే చాలా చెయ్యొచ్చు. మీ లెన్స్ 18 దగ్గర ఎఫ్ 3.5 దాకా తెరుచుకుంటది, 55 దగ్గర 5.6 దాకానే. అందుకని సోఫా దిగి, పాప పక్కన నేల మీద కూర్చుని 18కి తెచ్చేయండి. అక్కడే మీకు ఒక స్టాప్ పైచిలుకు దొరికింది, 1/15 కాస్తా 1/40 అయింది. ఐఎస్ఓ 1600 నుంచి 6400కి పెంచండి, ఇంకో రెండు స్టాపులు, 1/160. ఒక్క పైసా పెట్టకుండా 1/15 నుంచి 1/160కి వచ్చాం, బొమ్మలు పేర్చే పిల్లకి అది సరిపోతుంది, పరిగెత్తే పిల్లకి 1/500 కావాలి. ఐఎస్ఓ పెంచితే గింజలు గింజలుగా వస్తుందని భయపడకండి. గింజలున్న ఫోటోకి తర్వాత మందుంది, కదిలిపోయిన ఫోటోకి ఏ మందూ లేదు.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, 18లో పెట్టి ముఖానికి మరీ దగ్గరగా వెళ్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోయినట్టు కనిపిస్తాయ్. అది లెన్స్ తప్పు కాదు, దూరం తప్పు. పాప మొత్తం, దాని చుట్టూ బొమ్మలూ పట్టేలా తీసేటప్పుడు 18, ముఖం కావాలంటే కాస్త వెనక్కి జరిగి 35 దగ్గర.

మూడోది మాన్యువల్ మోడ్. నా వరకైతే ఇప్పుడు వద్దు. కెమెరా పైన చక్రం అపర్చర్ ప్రయారిటీలో పెట్టండి, అపర్చర్ మీరు పెడితే షట్టర్ అదే చూసుకుంటది, కానన్ అయితే ఏవీ అని ఉంటది, నికాన్, సోనీ అయితే ఏ అని. ఐఎస్ఓ ఆటోలో పెట్టి, మెనూలో మినిమమ్ షట్టర్ స్పీడ్ అని ఉంటది, అక్కడ 1/160 పెట్టండి, పై పరిమితి 6400. ఇక మీరు చూసుకోవాల్సింది అపర్చరూ, పాపా. అంతే.

---

రాత్రిబండి

నేను దీనికి ఒప్పుకోను. నేను నేర్చుకుంది మాన్యువల్‌లోనే, మొదటి నెల ఒక్కటీ సరిగ్గా రాలేదు గానీ ఆ తర్వాత గదిలోకి వెళ్లగానే ఇక్కడ 1/60, ఐఎస్ఓ 3200 అని తెలిసిపోయేది. ఆటో ఐఎస్ఓ పెట్టుకుంటే ఆ అంచనా ఎప్పటికీ రాదు. మేడమ్, కదలని వస్తువుల మీదైనా రోజుకి పది నిమిషాలు మాన్యువల్‌లో తియ్యండి. ఎండలో తీసేటప్పుడు ఒక పాత సూత్రం ఉంది, ఎఫ్ 16 పెట్టి, ఐఎస్ఓ ఎంతుంటే షట్టర్ సెకనులో అన్నో వంతు, అంటే ఐఎస్ఓ 100కి 1/100, 200కి 1/200. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ చూడకుండా ఇది పెట్టి తీసి చూడండి, నిండు ఎండలో ఫోటో సరిగ్గా వస్తది, అప్పుడు ఈ అంకెల మీద ఎంత నమ్మకం కుదురుతుందో మీకే తెలుస్తది.

---

వెలుగునీడ

@రాత్రిబండి, కదలని వస్తువుల మీద మాన్యువల్ అన్నారు చూడండి, దానికి నేనూ ఒప్పుకుంటా. కానీ పాప నవ్వు రెండు సెకన్లు ఉంటుంది, ఆ రెండు సెకన్లూ చక్రం తిప్పుతూ పోగొట్టుకోవడం ఎందుకు. నేర్చుకునేది ఏ కప్పు మీదో, తీసేది పాపని. రెండూ వేరుగా పెట్టుకుంటే గొడవే లేదు.

---

పాతరీలు

అమ్మా, నేను ఫిల్మ్ రోజుల నుంచి తీస్తున్న మనిషిని. రీలుకి 36 ఫోటోలు, కడిగించి చూస్తే గానీ ఏం వచ్చిందో తెలిసేది కాదు. అందుకని జేబులో చిన్న పుస్తకం ఉండేది, ఒక్కో ఫోటోకీ అంకెలు రాసుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ పుస్తకం కెమెరాయే రాసిపెడుతోంది, నువ్వు పైన పెట్టావు చూడు, ఆ వివరాలే అది. ఎంతమంది దాన్ని తెరిచి చూస్తున్నారు చెప్పు. బాగా వచ్చినవాటివి కూడా చూడు, చెడిపోయినవే కాదు.

షట్టర్ గురించి నీకొకటి చెప్పాలనిపించింది. 1838లో పారిస్‌లో దాగెర్ అనే ఆయన తన మేడ కిటికీలోంచి ఒక వీధిని ఫోటో తీశాడు. జనం, గుర్రపు బళ్లూ తిరిగే వీధి అది. ఫోటోలో చూస్తే దాదాపు మొత్తం ఖాళీ, స్పష్టంగా కనిపించేది ఒక్క మనిషే. ఆ రోజుల్లో ఒక ఫోటోకి నిమిషాల తరబడి వెలుతురు పట్టాలి, ఆ నిమిషాల్లో నడుస్తున్నవాళ్లెవరూ ఒక చోట నిలబడరు కాబట్టి ఒక్కరూ పడలేదు. వీధి మూల బూట్లు పాలిష్ చేయించుకోవడానికి కాలు ఎత్తి నిలబడిన ఒకాయన మాత్రం కదల్లేదు, ఆయన పడ్డాడు. నీ ఫోటోలో పాప చేతులు చెరిగిపోవడం కూడా సరిగ్గా అదే. కదిలింది పోతుంది, నిలిచింది మిగులుతుంది. మీ ఇంట్లో పాప నిలబడే క్షణాలు ఏవో గమనించు. బొమ్మ మీద బొమ్మ పెట్టే ముందు పిల్లలు ఊపిరి బిగబట్టి ఒక్క క్షణం ఆగుతారు. పరిగెత్తేటప్పుడు కూడా దిక్కు మారేచోట ఆగుతారు. ఉయ్యాల అయితే పైకి వెళ్లి వెనక్కి తిరిగే చోట ఆగుతుంది. అక్కడ నొక్కితే 1/60 కూడా సరిపోతుంది. ఇది ఏ చక్రంలోనూ ఉండదు, చూస్తూ చూస్తూ వస్తుంది.

ఇక అందరూ కెమెరా గురించే చెప్తున్నారు, నేను వెలుతురు గురించి చెప్తాను. ఒక తెల్ల కప్పు తీసుకో, పువ్వులూ గీతలూ ఏం ఉండకూడదు. పగటిపూట గదిలో లైట్లన్నీ ఆపేసి, ఒక్క కిటికీ తెరిచి దాని పక్కన బల్ల మీద పెట్టు. ఫోటో తియ్యకు ముందు, ఊరికే చూడు. కిటికీ వైపు తెల్లగా, ఆ తర్వాత మెల్లగా బూడిద రంగు, అవతలి వైపు నల్లగా తిరిగి ఉంటుంది. ఆ తెలుపు నలుపుగా మారే చోటే కప్పు గుండ్రంగా ఉందని కంటికి చెప్పేది. ఇప్పుడు నువ్వు కిటికీకి వీపు పెట్టి నిలబడి చూడు, కప్పు చప్పగా, కాగితం అంటించినట్టు ఉంటుంది. కప్పు వెనకాల కిటికీ ఉండేలా నిలబడి చూడు, కప్పు నల్లగా అయిపోయి అంచు మాత్రం మెరుస్తుంది. కిటికీకి పల్చటి తెల్ల గుడ్డ కట్టు, నీడ అంచు మెత్తబడుతుంది. గోడ వైపు ఒక తెల్ల అట్ట పెట్టు, నీడలోకి వెలుతురు పాకుతుంది, అట్ట దగ్గరికీ దూరానికీ జరుపుతుంటే అది పెరగడం తగ్గడం కంటికి కనబడుతుంది. ఇవన్నీ ఒకే కప్పు, ఒకే కిటికీ. కప్పు బదులు పాప బుగ్గ అనుకో. ఫోన్‌లో బుగ్గ నున్నగా ఉందన్నావే, అందులో ఫోన్ తనే నున్నగా చేసేసే పని కొంత ఉంది గానీ ఎదురుగా పడే వెలుతురు వల్ల కూడా అలా అవుతుంది, పక్క నుంచి వెలుతురు పడితేనే బుగ్గకి గుండ్రం వస్తుంది.

ఈ కప్పుతో ఒక వారం గడుపు. నేను ఎవరికి నేర్పినా ఇదే ముందు.

---

చిన్నితల్లి_అమ్మ

ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ చాలా చాలా థాంక్స్. అపర్చర్ భాగహారం అని ఒక్కరు ముందే చెప్పుంటే నాకు నెల రోజులు కలిసొచ్చేది. బాబాయ్ గారూ, ఆ పారిస్ ఫోటో వెతికి చూశాను, ఎడమ వైపు కింద మూల ఉన్నాడు ఆయన, కాలు ఎత్తి, చూడగానే ఒళ్లు జలదరించింది.

పాత మసక ఫోటోలు నలభై తెరిచి వెలుగునీడ గారు చెప్పినట్టు మూడు రకాలుగా విడదీశాను. నేననుకుంది అన్నీ చెయ్యి వణకడం వల్లేనని. కాదు. నలభైలో ఇరవై రెండు పాప కదిలినవి, వెనక గడియారం ముల్లు కూడా కనిపిస్తోంది, చేతులు మాత్రం పొగలా ఉన్నాయ్. పదమూడు ఫోకస్ తప్పినవి, నిజంగానే కర్టెన్ మీద కుట్లు కూడా లెక్కపెట్టొచ్చు, పాప మాత్రం మెత్తగా ఉంది. చెయ్యి వణికినవి ఐదే.

కింద కూర్చుని 18లో, 1/160 కనీసం పెట్టి మూడు రోజులు తీశా. కదిలిపోవడం చాలావరకు పోయింది. ఇప్పుడు కొత్తవి రెండు వచ్చాయ్. ఒకటి, ఫోకస్ ఇంకా కర్టెన్ మీదికే పోతోంది. రెండు, కొన్ని ఫోటోల్లో అడ్డంగా పట్టీలు పట్టీలుగా నల్ల చారలు వస్తున్నాయ్, కెమెరా పాడైందేమోనని భయంగా ఉంది. చప్పుడికి పాప తిరిగి చూస్తుందని సైలెంట్ మోడ్ పెట్టాను, అంతకుమించి ఏమీ మార్చలేదు. ఇంకా, తెల్ల గౌను వేసినప్పుడు ఫోటో మొత్తం మబ్బు పట్టినట్టు వస్తోంది, ఎందుకో.

---

నీలిమబ్బు

కెమెరాకి ఏమీ కాలేదండీ, నిశ్చింతగా ఉండండి. చారలకి కారణం సైలెంట్ మోడే. ఇంట్లో చాలా ఎల్ఈడీ లైట్లు, ట్యూబ్‌లైట్లు నిలకడగా వెలగవు, కరెంటుతో పాటు ఆరుతూ వెలుగుతూ ఉంటాయ్, 50 హెర్ట్జ్ కరెంటు అయితే సెకనుకి వందసార్లు, మన కంటికి తెలీదు. సైలెంట్ మోడ్‌లో సెన్సర్ ఫోటో మొత్తాన్ని ఒకేసారి చదవదు, పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్కోటీ చదువుకుంటూ వస్తుంది, కొన్ని వరుసలు లైటు వెలిగినప్పుడు, కొన్ని ఆరినప్పుడు పడతాయ్, అవే చారలు. సైలెంట్ తీసేసి మెకానికల్ షట్టర్ పెట్టండి, అప్పటికీ వస్తుంటే షట్టర్ 1/100 పెట్టండి, 60 హెర్ట్జ్ ఉన్న చోట 1/120. మెనూలో యాంటీ ఫ్లికర్ అని ఉంటే అది కూడా ఆన్ చెయ్యండి. పగలు కిటికీ వెలుతురులో తీసేటప్పుడు సైలెంట్ వాడుకోవచ్చు, సూర్యుడు ఆరి వెలగడు కదా.

తెల్ల గౌను సంగతి అసలు చాలా ముఖ్యమైంది, దీనికోసమే రాస్తున్నా. కెమెరా మీటర్‌కి ఎదురుగా ఉన్నది గౌనో, మంచో, నల్ల కుక్కో తెలీదు. ఏది చూపించినా సగటున మధ్యస్థంగా ఉండే బూడిద రంగు, 18 శాతం గ్రే అంటారు, ఆ వెలుగుకి తెచ్చి పెట్టాలని చూస్తుంది. ఫ్రేమ్ నిండా తెలుపు ఉంటే "అమ్మో ఎక్కువైంది" అనుకుని తగ్గిస్తుంది, తెల్ల గౌను బూడిద రంగుకి వస్తుంది. నల్ల గుడ్డ ఉంటే పెంచేస్తుంది, నలుపు కూడా బూడిద అవుతుంది. ఒక తెల్ల గుడ్డ, ఒక నల్ల గుడ్డ తీసుకుని ఒక్కోటీ ఫ్రేమ్ నిండా పెట్టి తీసి చూడండి, రెండూ పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పడం కష్టం, నేను మొదటిసారి చేసినప్పుడు నమ్మలేకపోయాను. దీనికి కెమెరా మీద ప్లస్ మైనస్ గుర్తున్న బటన్ ఉంటది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్. తెల్ల గౌనుకి ప్లస్ 1 దాకా, ముదురు బట్టలకి మైనస్ 1 దాకా పెట్టి చూడండి. పాప వెనకాల కిటికీ ఉన్నప్పుడు ముఖం నల్లబడేది కూడా దీనివల్లే, అక్కడా ప్లస్సే. ఈ ఒక్క బటన్ వాడకం వస్తే ఆటోలో ఉన్నా సగం ఫోటోగ్రఫీ వచ్చినట్టే అని నా గట్టి నమ్మకం.

ప్లస్ పెట్టినప్పుడు హిస్టోగ్రామ్ మీద, అంటే ఎడమన నలుపు నుంచి కుడిన తెలుపు దాకా ఫోటోలో ఏ వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్ మీద, ఒక కన్నేసి ఉంచండి. గుట్ట కుడి అంచుకి గుద్దుకుని నిలువుగా పైకి లేచిందంటే అక్కడ తెలుపు తప్ప ఇంకేం మిగల్లేదని అర్థం, గౌను మీద కుట్టు, మడత ఏదీ తర్వాత తిరిగి రాదు. నీడలో కాస్త తగ్గినా వెనక్కి తెచ్చుకోవచ్చు, ఎగిరిపోయిన తెలుపుని తెచ్చుకోలేం.

పసుపు గురించి ఎవరూ చెప్పలేదనుకుంటా. వెలుతురు రంగుని కెల్విన్‌లలో కొలుస్తారు, మామూలు పసుపు బల్బు వెలుతురు 3000 కెల్విన్ లోపు ఉంటది, పగటి వెలుతురు 5500 దగ్గర. మన కళ్లు రెండింటికీ సర్దుకుపోతాయ్ కాబట్టి ఇంట్లో కాగితం తెల్లగానే కనబడుతుంది, కెమెరా అంత బాగా సర్దుకోదు. మెనూలో ఆ రంగుని సర్దే వైట్ బ్యాలెన్స్‌లో బల్బు బొమ్మ ఎంచుకోండి. సాయంత్రం పూట ఒక పక్క కిటికీ నుంచి నీలం వెలుతురు, ఇంకో పక్క బల్బు పసుపు పడుతుంటే మాత్రం ఏ సెట్టింగూ రెండిటినీ కలపలేదు, ముఖం సగం నీలంగా సగం పసుపుగా ఉంటుంది. అప్పుడు బల్బు ఆపేయండి, తేలిక.

వీలైతే రా ఫైల్, అంటే కెమెరా తన దిద్దుబాట్లు చెయ్యని ఫైల్, కూడా సేవ్ అయ్యేలా పెట్టుకోండి, రా ప్లస్ జేపెగ్ అని ఉంటది. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే, 14 బిట్ రా అయితే 16,384. రంగు తప్పినా వెలుగు తప్పినా రాలో దిద్దుకునే చోటు చాలా ఎక్కువ. ఇప్పుడు దిద్దడం రాకపోయినా ఏడాది తర్వాత వస్తుంది, అప్పటికి పాప ఈ వయసులో ఉండదు, ఫైల్ ఉంటే చాలు.

---

వెలుగునీడ

ఫోకస్‌కి నేను చెప్తా. ఇప్పుడు మీ కెమెరా ఎక్కడ ఫోకస్ చెయ్యాలో తనే ఎంచుకుంటోంది, గీతలూ నేతా ఎక్కువున్న చోటికి దానికి పట్టు తేలిగ్గా దొరుకుతుంది, మీ కర్టెన్ దానికి బాగా నచ్చింది. ఫోకస్ ఏరియాని సింగిల్ పాయింట్‌కి మార్చి, ఆ చిన్న చతురస్రాన్ని కంటి మీద పెట్టండి, రెండు కళ్లలో మీకు దగ్గరున్న కన్ను. మిర్రర్‌లెస్ కాబట్టి కంటిని తనే కనిపెట్టే ఐ డిటెక్షన్ ఉండే ఉంటది, ఉంటే అది ఇంకా సుఖం. దాంతోపాటు ఫోకస్ మోడ్ కంటిన్యువస్‌కి మార్చండి, ఏఎఫ్-సీ అని ఉంటది, కానన్‌లో సర్వో అంటారు. బటన్ సగం నొక్కి పట్టుకున్నంతసేపూ పాప ముందుకొచ్చినా వెనక్కెళ్లినా వెంబడిస్తూ ఉంటుంది.

లెన్స్ విషయం మీరు మళ్లీ అడగలేదు గానీ చెప్పేస్తున్నా. కెమెరాతో వచ్చిన ఈ కిట్ లెన్స్‌తో రెండు నెలలు తీశాక మీ ఫోటోల వివరాలు చూసుకోండి, ఎక్కువ బాగా వచ్చినవి 35 దగ్గర ఉంటే 35 ఎఫ్ 1.8 కొనండి, 50 దగ్గర ఉంటే 50. మీ 5.6 ఎక్కడ, 1.8 ఎక్కడ, మూడు స్టాపుల పైన తేడా, పాత ఫోటో 1/15 ఉన్న చోట అదే ఐఎస్ఓలో 1/150 దాకా వచ్చేది. కానీ కొన్న రోజు నుంచీ 1.8లోనే తియ్యకండి. దగ్గర్నుంచి తీస్తే ఒక కన్ను నిక్కచ్చిగా, రెండో కన్ను మెత్తగా వస్తుంది, 2.8కి తెస్తే చాలాసార్లు రెండూ దక్కుతాయ్.

---

చిన్నితల్లి_అమ్మ

మూడు వారాల తర్వాత వస్తున్నా, అందరికీ చెప్పకుండా ఉండలేకపోయాను.

కప్పుతో వారం కాదు పది రోజులు కూర్చున్నా. మొదటి రెండు రోజులు ఏమీ కనిపించలేదు, కప్పు కప్పులాగే ఉంది. మూడో రోజు పొద్దున్న అట్ట జరుపుతుంటే నీడ అడుగున బల్ల చెక్క రంగు కప్పు మీదికి ఎక్కడం కనిపించింది, గోధుమ రంగులో సన్నగా, పిడి కింద. అది అన్ని రోజులూ అక్కడే ఉంది, నేను చూళ్లేదు. అప్పట్నుంచి ఇంట్లో ఎవరు మాట్లాడుతున్నా వాళ్ల ముఖం మీద వెలుతురు ఎటు నుంచి పడుతోందో చూస్తున్నా. రాత్రిబండి గారు చెప్పినట్టు ఆ కప్పు మీద మాన్యువల్ కూడా చేశా, గదిలో మధ్యాహ్నం ఎంత, సాయంత్రం ఎంత అన్నది ఇప్పుడు ఒకటి రెండు స్టాపుల తేడాలో చెప్పగలుగుతున్నా.

ఆ చారలు పోయాయ్. గౌనుకి ప్లస్ 0.7 పెడితే సరిపోయింది.

నిన్న పదకొండు గంటలప్పుడు పాప బొమ్మల పెట్టె మోసుకొచ్చి తనే కిటికీ పక్కన కూర్చుంది, నేను గది లైటు ఆపేశా, పల్చటి కర్టెన్ వేశా, నేల మీద దానికి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా కూర్చున్నా. 35 దగ్గర, ఎఫ్ 4.5, 1/250, ఐఎస్ఓ 800. సాయంత్రం అదే గదిలో 1600 పెట్టినా 1/15 వచ్చేది, అదే ఇల్లు, కిటికీ ఒక్కటే తేడా. ఐదో బొమ్మ పెట్టబోయే ముందు పెదాలు బిగబట్టి ఆగింది, బాబాయ్ గారు చెప్పారే, సరిగ్గా ఆ క్షణం. నొక్కాను. పెద్దది చేసి చూస్తే బుగ్గ మీద సన్నటి నూగు కూడా కనిపిస్తోంది. నాకు కావాల్సింది అదే.

ముఖం గోప్యంగా ఉంచాలని ఇక్కడ పెట్టట్లేదు, బాబాయ్ గారికి వెలుగునీడ గారికి విడిగా పంపాను, ఏం సరిచెయ్యాలో చెప్పండి.

---

వెలుగునీడ

చూశానండీ. వెనక తలుపు అంచు సరిగ్గా పాప తల మీద నిలబడింది, తలలోంచి కర్ర మొలిచినట్టు ఉంది, ఒక అడుగు ఎడమకి జరిగుంటే పోయేది. నొక్కే ముందు నాలుగు అంచులూ, తల వెనకాలా ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి. ఇంకేం వంక లేదు.

---

పాతరీలు

చాలా బాగా తీశావమ్మా. కెమెరా పాప కళ్ల ఎత్తులో పట్టావు, అది నేను చెప్పకుండానే చేశావు. ఇంకో పని చెయ్యి, ఎడమ కన్నుని నిండుగా పెద్దది చేసి చూడు.

---

చిన్నితల్లి_అమ్మ

చూశా బాబాయ్. కిటికీ ఉంది, నిలువు ఊచలతో సహా. దాని పక్కన కింద కూర్చుని కెమెరా పట్టుకుని నేనూ ఉన్నా.